ఆరని తలుపు

జలీల్‌కి ఉన్న బాధ ఒక్కటే. తన గురువు యాకూబ్ బాబా వాకిలి తలుపు చూస్తే అతనికి సిగ్గేసేది.

బాబాది సూఫీ ఫకీర్ల ఖాన్‌కా. ఖాన్‌కా అంటే గురువూ శిష్యులూ కలిసి ఉండే ఇల్లు. సాయంత్రం ఎవరొచ్చినా లోపల చాప మీద కూర్చోబెట్టి ఇంత జొన్నగంజి పోసే ఇల్లు కూడా. దాని టేకు తలుపు ఏనాటిదో. ఆకుపచ్చ రంగు పెచ్చులు లేచి కింద నీలం, నీలం కింద ఎర్రమట్టి జాజు కనబడుతుండేవి. జలీలేమో పల్లకీలకు రంగులేసే ఇంట పుట్టినవాడు.

"బాబా, ఈ తలుపుకి ఒక్కసారి రంగు వేసుకుందాం," అని అడుగుతుండేవాడు.

"తెరుచుకుంటోంది కదా," అనేవాడు బాబా.

అలా ఉండగా జాగీరుదారు దగ్గర్నుంచి అతని వ్యవహారాలు చూసే పేష్కారు బండి కట్టించుకుని వచ్చాడు. బండిలో అవిసెనూనె, ఎర్రరంగుకి మేలైన ఇంగిలీకం, ఒక లావుపాటి ఇనుపగడియ ఉన్నాయి. ఖాన్‌కా ఉన్న స్థలం జాగీరుదారుది.

"ప్రభువులు ఇకమీదట శుక్రవారాలు ఇక్కడికి వస్తారు," అన్నాడు పేష్కారు. "తలుపు ఎర్రగా మెరిసిపోవాలి. అది ఎక్కించిన రోజు నుంచి తోళ్ళవాడ జనం లోపలికి రాకూడదు. సాయంత్రం గడియ వేసి, వాళ్ళ గంజి బయటే పొయ్యండి. కుదరదంటారా, స్థలం ఖాళీ చెయ్యండి."

అతను వెళ్ళాక జలీల్ గురువు దగ్గర కూర్చున్నాడు.

"ఏం చేద్దాం బాబా?"

"రంగు మంచిదేనా?"

"చాలా మంచిది."

"అయితే వెయ్యి."

బాబా ఒప్పుకున్నాడనుకున్నాడు జలీల్. తోళ్ళవాడ వాళ్ళ సంగతి మనసులో మెదిలింది. లోపలైనా బయటైనా అదే గంజి కదా అని సర్దిచెప్పుకున్నాడు. చేతులు అప్పటికే పని కోసం దురద పెడుతున్నాయి.

పాత తలుపుకి రంగు వెయ్యడమంటే ముందు పాత రంగు తియ్యడం. ఇది తెలియనివాళ్ళు పెచ్చుల మీదే పూసేస్తారు, మొదటి వానకే ఊడొస్తుంది. జలీల్ అలాంటివాడు కాదు. తలుపు ఊడదీసి పెరట్లో రెండు దుంగల మీద పడుకోబెట్టాడు. వెడల్పు ఉలితో ఆకుపచ్చ, నీలం, జాజు అన్నీ గీకాడు. చింతగింజల పిండి, సుద్ద కలిపి పగుళ్ళలో కూరాడు. గరుకురాయితో రుద్ది, ఒక పూత వేసి, ఆరనిచ్చి, మళ్ళీ రుద్ది, మళ్ళీ పూత.

అన్నాళ్ళూ వాకిలి తెరిచే ఉంది.

తోళ్ళ తొట్ల దగ్గర పనిచేసే ముసలి సుంకమ్మ రోజూలాగే సాయంత్రం వచ్చింది. పెరట్లో తలుపు చూసి ఆగింది.

"ఏం జలీలూ, తలుపుకి ఒంట్లో బాగాలేదా, పడుకోబెట్టినావు?"

"రంగు వేస్తున్నానవ్వా."

"గడియ కూడా వచ్చిందంట గదా." ఆమె ఎర్రరంగు వంక చూసింది. "బాగుందిలే. బయట కూచుని చూసేవాళ్ళకి మంచిగా కనబడతాది."

జలీల్ కుంచె ముంచుకున్నాడు.

తలుపు తయారైంది. పేష్కారు వచ్చి వంగి చూశాడు. రంగులో తన మీసం కనిపించింది. దాన్ని అక్కడే ఒకసారి దువ్వుకున్నాడు.

"ఇంకేం, ఎక్కించండి," అన్నాడు.

బాబా లేచొచ్చాడు. తలుపు మీద చెయ్యి వేసి మెల్లగా నిమిరాడు. తర్వాత ఉలి అందుకుని, ఆ చివర నుంచి ఈ చివర దాకా ఒకటే గీత గీశాడు. ఎర్రరంగు సుడులు తిరిగి లేచింది. కింద చెక్క తెల్లగా కనబడింది.

జలీల్‌కి తన వీపు మీద గీసినట్టయింది.

"ఇంకో పూత వెయ్యాలి," అన్నాడు బాబా.

"ఇది కావాలని చేసిన పని," అన్నాడు పేష్కారు.

"అవును. రంగు వెయ్యమన్నది మీ ప్రభువు. పని ఎప్పుడు పూర్తయిందో చెప్పాల్సింది మేము."

పేష్కారు మళ్ళీ శుక్రవారం వస్తానని చెప్పి వెళ్ళిపోయాడు.

"నా పనిలో లోపమేంటి బాబా?" జలీల్ అడిగాడు.

"నీ పనిలో లోపం లేదు."

"మరి?"

బాబా గంజికుండ అతని చేతికిచ్చి లోపలికి నడిచాడు.

చాప మీద అందరూ కూర్చున్నారు. సుంకమ్మ ఖాళీ వాకిట్లోంచి లోపలికొచ్చింది. "జరుగు బాబా," అంది. బాబా జరిగాడు. ఆమె కూర్చుని గిన్నె ముందుకు తోసింది. జలీల్ గంజి పోస్తూ వాకిలి వంక చూశాడు. ఆమె వచ్చిన దారి చాలాసేపు చూశాడు.

మర్నాడు మళ్ళీ మొదలుపెట్టాడు. గీకాడు, రుద్దాడు, పూశాడు. ఈసారి తలుపు మొదటిసారి కన్నా బాగా కుదిరింది. అలాంటి పని తన తండ్రి చేతుల్లో కూడా అతను చూడలేదు.

శుక్రవారం పేష్కారు తలుపెత్తడానికి మనుషుల్ని వెంటబెట్టుకుని వచ్చాడు. బాబా అరుగు మీద కూర్చుని జొన్నల్లో రాళ్ళు ఏరుతున్నాడు. తలెత్తలేదు.

పేష్కారు జలీల్ భుజం మీద చెయ్యి వేశాడు.

"నీ చెయ్యి బంగారమోయ్. ప్రభువుల కొత్త పల్లకీకి నువ్వే రంగు వెయ్యాలట. వాళ్ళ దేవిడీ భవంతిలోనే ఉండొచ్చు. ముందు ఈ తలుపు ఎక్కించెయ్."

పల్లకీ అనగానే జలీల్ కళ్ళు ఒకసారి మెరిశాయి. తలుపు చుట్టూ తిరిగాడు. నున్నటి ఆ ఎరుపు మీద అరచెయ్యి ఆనించి కాసేపు అలాగే ఉంచాడు.

తర్వాత ఉలి తీసుకున్నాడు. బాబా గీసింది ఒక్క గీతే. జలీల్ అడ్డంగా, నిలువుగా, చెక్క కనబడేదాకా గీశాడు.

"ఇంకో పూత వెయ్యాలండీ," అన్నాడు.

పేష్కారు మొహం కందిపోయింది. "స్థలం పోతుంది. తెలుసా?"

"తెలుసు," అన్నాడు జలీల్. అరుగు మీద రాళ్ళు ఏరుతున్న చెయ్యి ఆగింది.

"ఇంకా ఎన్ని పూతలు వేస్తారయ్యా ఈ తలుపుకి?"

జలీల్ ఉలి అంచు తుడిచి, గరుకురాయి అందుకున్నాడు.

"పాత చెక్క కదండీ. రంగు చాలా తాగుతుంది."