పదమూడో తూటా

పిల్లలూ, ఈ కథ మీరు వినలేదు. మనమున్న ఈ దూరదేశంలో మీకిది చెప్పేవాళ్లు లేరు. నేను విన్నది విన్నట్టే చెబుతాను.

కంభం వైపు కాళహస్తాచారి అనే శిల్పి ఉండేవాడు. ఆయన శిష్యుడు రుద్రయ్య, పక్క ఊరి శిల్పులతో కలిసి ఒక మండపం పని ఒప్పుకోబోతూ, రాసుకున్న కాగితం గురువుకు చదివి వినిపించాడు. ఎవరి మనుషులు వాళ్లవే. ఎవరి పనిముట్లు వాళ్లవే. ఎవరి తప్పుకు వాళ్లే జవాబుదారులు.

"ఇంత వివరంగా రాసుకున్నాక ఇంక భయమేముంది, గురువుగారూ?" అని అడిగాడు.

గురువు, తాను రుద్రయ్య వయసులో ఉండగా రాయి ఎంచుకోవడానికి ఒక క్వారీకి వెళ్లి చూసినది చెప్పాడు.

అక్కడ రెండు ముఠాలు ఒప్పందం మీద ఒకే కొండ కొడుతున్నాయి. ఒకదానికి మేస్త్రీ ఓబులేసు, రెండోదానికి తిరుపాలు. రాతిలో బెజ్జాలు తొలిచి, మందు తూటాలు పెట్టి, వత్తి అంటించి దూరంగా గట్టు మీదికి వచ్చి చప్పుళ్లు లెక్కపెట్టడం క్వారీ ఆచారం. ఎన్ని పెట్టారో అన్నీ పేలితేనే మళ్లీ దిగుతారు. పేలని తూటా మీద సమ్మెట పడితే మనిషి మిగలడు. అందుకే ఒప్పందంలో ఒక మాట రాసుకున్నారు: ఎవరి తూటా పేలకపోతే వాళ్ల మనిషే వెళ్లి చూడాలి.

ఆ రోజు ఓబులేసు వాళ్లు ఏడు పెట్టారు, తిరుపాలు వాళ్లు ఆరు. పొద్దు కలిసొస్తుందని అన్నీ ఒకేసారి అంటించారు. చప్పుళ్లు ఒకదాని మీద ఒకటి పడ్డాయి. పన్నెండు వినిపించాయి.

"మావి ఏడూ పేలినాయి. చూసుకోవాల్సింది నువ్వే, అల్లుడూ" అన్నాడు ఓబులేసు, వేళాకోళానికి వరస కలిపి.

"మావి ఆరే కదా మామా, వేళ్ల మీద లెక్క. నీకే ఏడు దాకా వచ్చో రాదో" అన్నాడు తిరుపాలు.

రెండు ముఠాలూ నవ్వాయి. కాసేపు చూశారు. ఎవరూ కదల్లేదు. తమదేనని ఒప్పుకుంటే తమ మనిషిని పంపాలి. చివరికి, రెండు చప్పుళ్లు ఒకటిగా కలిసి వినిపించి ఉంటాయిలే అని ఇద్దరూ ఒప్పుకున్నారు. ఒప్పందం రాశాక వాళ్లిద్దరూ తగవు లేకుండా ఒప్పుకున్న మాట అదొక్కటే.

అందరూ దిగారు. తిరుపాలు భార్య చెన్నమ్మ రాళ్లు ఎత్తుతోంది. ఆమె పక్కనే ఓబులేసు కొడుకు సమ్మెట ఎత్తి కొట్టాడు.

ఆ తూటా ఎవరిదో తేల్చడానికి తర్వాత పెద్దలు కూర్చున్నారు. బెజ్జం ఉన్నచోట రాయే లేదు. తేలలేదు. చనిపోయిన ఇద్దరినీ ఒకే గుంటలో పెట్టారు, విడదీయడం కుదరక.

రుద్రయ్య, "గట్టు మీద మీరొక్కరే ఏ పక్షమూ కాదు కదా. మీకు ఎన్ని వినిపించాయి?" అని అడిగాడు.

"పన్నెండే" అన్నాడు గురువు. "కాగితంలో నా పేరు లేదని ఊరుకున్నాను."

పిల్లలూ, మీరు ఈ కథ ఇంకెవరికైనా చెప్పండి. చెప్పేటప్పుడు గురువును మంచివాడిగా చూపించాలని ఆ ఆఖరి మాట మాత్రం వదిలేయకండి.