తాబేలు రోజూ ఇల్లు చేరే పుస్తకం

నేనింతవరకూ ఏదీ రాయలేదు. చదివింది ఐదో తరగతి. చుట్టాలకి ఉత్తరం రాయాలన్నా మా ఆయనకి చెప్పి రాయించేదాన్ని. నలుగురిలో నోరు విప్పాలంటేనే నాకు సిగ్గు. కానీ మొన్న రాత్రి మా మనవరాలు దీక్షితకి చెప్పిన కథ పక్క గదిలోంచి విని, మా అమ్మాయి "బాగుందమ్మా, రాసిపెట్టు" అంది. చెప్పింది చెప్పినట్టే రాస్తున్నాను.

అనగనగా సముద్రం ఒడ్డున ఒక ఊళ్ళో అందరికీ ఉప్పుమళ్లలోనే పని. పొద్దున్నే వెళ్ళి, ఎండిన ఉప్పు పోగుచేసి, సాయంత్రానికి ఇంటికొచ్చేవాళ్ళు. ఎంత కడుక్కున్నా వాళ్ళ చేతులు ఉప్పుఉప్పగానే ఉండేవి. ఊ కొట్టవే, లేకపోతే ఆపేస్తాను.

ఆ ఊళ్ళో గున్నమ్మ అని నీ అంత పిల్ల ఉండేది. తమ్ముడికి జ్వరం తగ్గడం లేదని వాళ్ళమ్మ వాణ్ణి పట్నం ఆసుపత్రికి తీసుకెళ్ళింది. గున్నమ్మని పక్కింటి ఎర్రమ్మ మామ్మ దగ్గర వదిలింది. అప్పటినుంచి ఆ పిల్లకి రాత్రిపూట నిద్ర లేదు.

ఆ ఊళ్ళో చిన్న లైబ్రరీ ఉండేది. అందులో ఒక తాబేలు పుస్తకం. తాబేలు సంతకెళ్ళి, దారి తప్పి, నానా తిప్పలూ పడి ఇంటికొస్తుంది. గున్నమ్మకి వాళ్ళమ్మ చదివి వినిపించిన పుస్తకమే అది. సాయంత్రం దాన్ని తెచ్చుకుని, మళ్ళీ మొదటినుంచీ చదువుకుని, పక్కలో పెట్టుకుంటే తప్ప గున్నమ్మకి కన్ను మూతపడేది కాదు. పొద్దున్నే తీసుకెళ్ళి ఇచ్చేసేది.

అప్పుడు ఆ లైబ్రరీకి దాలినాయుడని కొత్తాయన వచ్చాడు. మంచివాడే. కాకపోతే శుభ్రం పిచ్చి. చీపుర్ని కూడా కడిగి ఆరేసేవాడు. వస్తూనే పుస్తకాలన్నీ కిందికి దింపాడు. నలగనివి బీరువాలో పెట్టాడు. చిరిగినవన్నీ గోనెసంచిలో కుక్కి, "పాత కాగితాలవాడు రాగానే వేసేస్తాను" అన్నాడు.

ఆ తర్వాత ఎర్రమ్మ వచ్చింది. "బాబూ, ఆ కాకమ్మ పుస్తకం ఏదీ?"

"అది చిరిగిపోయింది మామ్మా. అయినా ఈ వయసులో నీకు పిల్లల పుస్తకమేటి?"

"కోడలితో మాటామాటా వచ్చిన రోజు చదువుకుంటాను. ఆ కాకమ్మ నోరు చూస్తే నా కోడలే నయమనిపిస్తది."

దాలినాయుడు నవ్వాడు గానీ పుస్తకం ఇవ్వలేదు.

ఆ తర్వాత ఉప్పు బస్తాలు మోసే సూర్రావు వచ్చాడు. "నడుం పట్టేసింది బాబూ. నక్క అత్తారింటికెళ్ళిన పుస్తకం ఇప్పించు."

"నడుం నొప్పికి మందు రాసుకోవాలి గానీ నక్కేం చేస్తుందయ్యా?"

"మందు నడుముకి. నక్క నాకు."

అతనికీ ఇవ్వలేదు.

ఆ తర్వాత గున్నమ్మ వచ్చింది. దాని చేతిలో తళతళలాడే కొత్త పుస్తకం ఒకటి పెట్టి పంపేశాడు. పాపం, రాత్రి ఆ పిల్ల పక్క మీద దొర్లుతూనే ఉంది.

"కొత్త పుస్తకం తెచ్చుకున్నావు కదే, ఇంకా పడుకోవేం?" అంది ఎర్రమ్మ.

"ఇందులో కుందేలుకి ఏమవుద్దో నాకు తెలీదు మామ్మా. భయమేస్తంది."

మర్నాడు పాత కాగితాలవాడు ఒంటెద్దు బండి కట్టుకుని వచ్చాడు. వాడిది సముద్రానికి దూరంగా ఎక్కడో మెట్ట ఊరు. దాలినాయుడు సంచి తెచ్చి బండి పక్కన దింపాడు. అప్పుడు ఎద్దు మెడ తిప్పి సంచిలో మూతి పెట్టింది. వాడు అదిలించాడు. మళ్ళీ పెట్టింది. పగ్గం పట్టి లాగాడు. మూడోసారి ఏకంగా ఒక పుస్తకాన్ని నోట కరుచుకుని, అట్ట నాకడం మొదలెట్టింది.

"ఏం పోశావయ్యా ఇందులో, తవుడా?" అన్నాడు బండివాడు.

దాలినాయుడు పుస్తకం లాక్కున్నాడు. ఎద్దుకి ఇందులో ఏం దొరికిందా అని, పేజీల అంచు వేలితో రుద్ది నాలిక్కి రాసుకున్నాడు. ఉప్పగా ఉంది. ఇంకో చిరుగుల పుస్తకం తీసి చూశాడు. అదీ ఉప్పే. లోపలికెళ్ళి బీరువాలో పుస్తకం తీసి చూశాడు. వట్టి దుమ్ము.

'దీన్ని ఎన్ని చేతులు పట్టుకుంటే ఇంత ఉప్పయిందో' అనుకుంటూ వచ్చి గడప మీద కూర్చున్నాడు. ఎద్దు కరిచింది తాబేలు పుస్తకమే. దాన్ని తెరిచి చదవసాగాడు.

అప్పుడు గున్నమ్మ పరిగెత్తుకుంటూ వచ్చింది. "బాబాయ్, అది ఇచ్చేయకు!"

"దీనికి చివరి పేజీ లేదు కదే. తాబేలు ఇల్లు చేరిందో లేదో ఎలా తెలుస్తుంది?"

"చేరుతుంది బాబాయ్. రోజూ చేరుతుంది."

దాలినాయుడు ఆ పుస్తకం గున్నమ్మ చేతిలో పెట్టాడు. సంచి భుజానికెత్తుకుని లోపలికి నడిచాడు. బండివాడు గొణుక్కుంటూ పోయాడు. ఎద్దు మాత్రం వెనక్కి చూసుకుంటూ వెళ్ళింది.

ఆ రాత్రి తాబేలు ఇంకా సంతలో ఉండగానే గున్నమ్మకి నిద్ర పట్టేసింది.

"పుస్తకానికి ఎద్దు ఎంగిలి కదా అమ్మమ్మా?" అంది దీక్షిత.

"తుడిచే ఇచ్చాడులే. శుభ్రం పిచ్చి కదా."

"మరి తమ్ముడు?"

"వాడికి జ్వరం తగ్గింది. ఆ వారమే వాళ్ళమ్మ వాణ్ణి చంకనేసుకుని బస్సు దిగింది.

కథేమో కంచికి,
అమ్మేమో ఇంటికి,
నిద్దరేమో నీ కంటికి."

మర్నాడు పొద్దున్నే నేను అటక మీంచి మా అమ్మాయి చిన్నప్పటి పుస్తకాల మూట దింపాను. దులిపి, గుప్పెడు మైదా ఉడకబెట్టి, చిరిగిన చోటల్లా అతికించి, వరండాలో నీడపట్టున ఆరబెట్టాను.