రాణిగారి మెడ

వెనకటికి మల్లెలదుర్గమనే రాజ్యం ఉండేది. దాన్ని ఏలే రణధీరవర్మకు తనంత రసజ్ఞుడు మరొకడు లేడని గట్టి నమ్మకం. ఆస్థాన చిత్రకారుడు విరూపయ్య గీసిన బొమ్మలంటే ఆయనకు ప్రాణం. విరూపయ్య మనిషిని గీస్తే ఏ అవయవం ఎంత ఉండాలో అంతే ఉండేది. గోడ దిగి నడిచొస్తాడేమో అనిపించేది.

విరూపయ్య కాలం చేశాడు. ఆ మరుసటి ఏడు, రాజు ఉత్తరాన ఒక కోటను ముట్టడించి ఉండగా, రాణి కనకాంబ జబ్బుచేసి కన్నుమూసింది. రాజు గెలిచి తిరిగొచ్చేసరికి అంత్యక్రియలు కూడా అయిపోయాయి. రాణి చిత్రం గీయమని విరూపయ్య శిష్యుడు లింగన్నను ఆజ్ఞాపించాడు.

చిత్రం పూర్తయింది. సభలో తెర తీశారు.

రాణి మెడ సాగిపోయి ఉంది. వేళ్లు మరీ సన్నగా, మరీ పొడుగ్గా ఉన్నాయి. ఒళ్లంతా ఒక పక్కకు మెలి తిరిగి ఉంది. చర్మం పాలిపోయి ఉంది.

రాజు ముఖం నల్లబడింది. "నా రాణి మెడ ఇంత పొడుగా? గురువు నేర్పిన కొలత తప్పినవాడికి కుంచె పట్టే చెయ్యి ఉండకూడదు. నరికెయ్యండి."

లింగన్న తల వంచుకున్నాడు. విదూషకుడు కూచన లేచాడు.

"కొలత తప్పితే ఎవరి బొమ్మకైనా ఇదే శిక్షా ప్రభూ?"

"ఎవరి బొమ్మకైనా ఇదే. నా మాటకు తిరుగులేదు."

"అయితే ముందు సింహాసనం వెనకున్న తమ నిలువెత్తు పటాన్ని కొలుద్దాం. విరూపయ్యగారు గీసిందే కదా."

కూచన దారం తెప్పించి రాజును కొలిచాడు. తర్వాత పటాన్ని కొలిచాడు. పటంలో రాజు జానెడు ఎక్కువున్నాడు. సభలో ఎవరూ నవ్వడానికి సాహసించలేదు.

"విరూపయ్యగారి చెయ్యి ఎప్పుడో చితిలో కాలిపోయింది. నరుకుదామన్నా దొరకదు," అన్నాడు కూచన. "ఇక తమరే జానెడు పెరగాలి."

"ఆయన అందం కోసం పెంచాడు," అని రాజు గొణిగాడు.

"శిష్యుడు పెంచడం ఆయన దగ్గరే నేర్చుకున్నాడు. ఎందుకోసం పెంచాడో అతన్నే అడగండి."

లింగన్న మెల్లగా చెప్పాడు. "మొదట గురువుగారి పద్ధతిలోనే గీశాను ప్రభూ. చాలా అందంగా వచ్చింది. కానీ ఆ బొమ్మలో ఉన్నావిడ రాణి అమ్మగారు కాదు. జబ్బులో ఉండగా అమ్మగారు రోజూ కిటికీ దగ్గర కూర్చోబెట్టమనేవారు. ఓపిక లేక ఒరిగిపోతూనే, మెడ సాచి ఉత్తరపు బాట వైపు చూసేవారు. అంతఃపురం గోడలకు రంగులు వేస్తూ నేను చూశాను. నా కంటికి ఆ మెడ అంతే ఉంది."

"చివరి రోజు కూడానా?" అన్నాడు రాజు.

"ఆ రోజు కూడా."

రాజు రాణి పటం వంక చూశాడు. తర్వాత నవ్వాడు. వినడానికి ఏమంత బాగాలేని నవ్వు.

"నువ్వు జానెడే తగ్గించావు కూచనా. నేను ఇంకా పొట్టివాణ్ణి," అంటూ చేతి కంకణం తీసి అతనికి తొడిగాడు. లింగన్నను ఆస్థాన చిత్రకారుడిగా నియమించాడు.

సభ ముగిసింది. రాణి పటాన్ని తీసుకుపోవడానికి భటులు వస్తే రాజు చేత్తోనే ఆపాడు.

"ఉండనీండి," అన్నాడు. "ఇప్పుడు వచ్చాను కదా."