దానయ్య వలస ఎందుకు వెళ్తాడు?

విశాఖపట్నంలో ఒక పరిశోధన సంస్థలో గంగాధరం అనే ఆయన పనిచేసేవాడు. ఆయనకి చాలా విషయాలు వచ్చు గానీ "నాకు తెలియదు" అనడం మాత్రం రాదు.

ఆ సంస్థ ఏం చేస్తుందో ముందు చెప్తాను, వినండి. ఊళ్ళు ఎలా బాగుపడతాయి, కొత్త యంత్రం వస్తే ఎవరికి లాభం, జనం సొంత ఊరు వదిలి ఎందుకు వలస పోతారు, ఇలాంటివన్నీ ఊరూరా తిరిగి అడిగి తెలుసుకుంటారు. తెలుసుకున్నది ప్రభుత్వానికి రాసిస్తారు. దాన్నిబట్టి ఏ ఊరికి ఏం ఇవ్వాలో ప్రభుత్వం ఆలోచిస్తుంది. మంచి పనే. కాకపోతే అడిగేవాడికి వినే ఓపిక ఉండాలి.

ఒకసారి ప్రభుత్వం వాళ్ళనిలా అడిగింది. "శ్రీకాకుళం తీరంలో జాలర్లు ఏటా గుజరాత్ వెళ్ళి అక్కడి పెద్ద పడవల మీద పనిచేస్తున్నారు. చేపలు ఎండబెట్టే సోలారు యంత్రం ఇస్తే ఈ వలస ఆగుతుందా?"

"ఆగుతుంది," అన్నాడు గంగాధరం. అప్పటికింకా ఆయన జీపు కూడా ఎక్కలేదు.

తనతో పనిచేసే నాగమణిని వెంటబెట్టుకుని ఆయన ఇసకలపేట అనే జాలరిపేటకి వెళ్ళాడు. వీళ్ళు చేరేసరికి పేటలో మగవాళ్ళంతా సంచులు భుజాన వేసుకుని, రైలుస్టేషనుకి పోయే వ్యాను దగ్గర నిలబడి ఉన్నారు. గంగాధరం జీపులోంచి తల బయటపెట్టి, "ఎక్కడికండీ అందరూ?" అని అడిగాడు.

బయలుదేరిన మనిషిని అలా అడగకూడదని మీ ఇళ్ళల్లో చెప్పే ఉంటారు. సముద్రం మీదికి పోయేవాళ్ళకి ఆ పట్టింపు మరీ ఎక్కువ. ఒక్కసారిగా అందరూ సంచులు దించేశారు.

"ఇదేటి బాబూ! సదువుకున్నోరు, ఆ మాత్రం తెలవదా?" అంది నీలమ్మ. ఆమె భర్త దానయ్య కూడా ఆ ప్రయాణంలో ఉన్నాడు.

అలా అడిగితే మళ్ళీ ఇంట్లోకి పోయి, మంచినీళ్ళు తాగి, కాసేపు కూర్చుని లేవాలి. అది వాళ్ళ పద్ధతి. వ్యాను డ్రైవరు విసుక్కుంటూ ఇంజను ఆపేశాడు. గంగాధరానికి మాత్రం సంతోషం వేసింది. ప్రశ్నలు అడగడానికి అందరూ ఒకేచోట దొరికారు కదా!

"నువ్వు ఎక్కడికి వెళ్తున్నావు?" అని మొదట దానయ్యని అడిగాడు.

"ఎక్కడికీ నేదు బాబూ."

"మరి ఆ సంచేమిటి?"

"ఊరికే."

నాగమణికి నవ్వాగలేదు. గంగాధరం ఆమె వంక గుర్రుగా చూసి, "పోనీ, ఎందుకు వెళ్తున్నావో చెప్పు," అన్నాడు.

"ఇక్కడ సేపల్లేవు బాబూ."

"చేపలుంటే వెళ్ళవన్నమాట."

"అప్పుడూ ఎల్తాను. మా బావమరుదులంతా ఆ పడవలోనే ఉంటారు కదా."

"అయితే వాళ్ళు మానేస్తే నువ్వూ మానేస్తావు?"

దానయ్య బుర్ర గోక్కున్నాడు. "ఆళ్ళు నన్ను సూసే వస్తన్నారేమో. నాకేటి తెలుసు?"

పక్కనున్న ముసలాయన కల్పించుకున్నాడు. "మా అయ్య ఎల్లాడు, నేనెల్లాను. ఎందుకని ఎవులూ అడగనేదు."

"ఆడకి పోతే పెళ్ళాం తిట్లు తప్పుతాయి బాబూ, రాసుకోండి!" అన్నాడు ఇంకొకడు.

"ఫోనుండగా ఎలాగ తప్పుతాయేటి?" అంది వాడి పెళ్ళాం గుమ్మంలోంచి. అందరూ గొల్లుమన్నారు.

గంగాధరానికి తల తిరిగింది. ఒక్కొక్కరు ఒక్కొక్క మాట. ఒక్కరే రెండు మాటలు. చెమట తుడుచుకుని, "సరే, అవన్నీ వద్దు. చేపలు ఎండబెట్టే యంత్రం ఇస్తే ఊళ్ళో ఉంటారా, ఉండరా? అది చెప్పండి చాలు," అన్నాడు.

అలాంటి యంత్రం వాళ్ళు కళ్ళతో చూసి ఎరగరు. చూడనిదాని గురించి ఏమని చెప్తారు? పైగా ఇస్తానని వచ్చిన మనిషికి వద్దని చెప్పడం మర్యాద కాదాయె.

నీలమ్మ చంకలో పసిపిల్ల ఉంది. పిల్ల పుట్టినప్పుడు దానయ్య గుజరాత్ సముద్రంలో ఉన్నాడు. ఇప్పుడిప్పుడే తండ్రిని గుర్తుపడుతోంది. నీలమ్మ నెమ్మదిగా అడిగింది. "ఆ యంత్రమొస్తే మా ఆయన ఎల్లక్కర్లేదా బాబూ?"

నిజానికి గంగాధరానికి తెలియదు. కానీ ఆ మాట ఆయన నోట రాదని మొదటే చెప్పాను కదా.

"అక్కర్లేదమ్మా," అన్నాడు.

"అయితే ఉంటాం," అంది నీలమ్మ. వెంటనే దానయ్య సంచి అందుకుని లోపలికి పట్టుకుపోయింది. దానయ్య సంచి వంక చూశాడు, పిల్ల వంక చూశాడు, అరుగు మీద కూలబడ్డాడు. మిగతావాళ్ళు మంచినీళ్ళు తాగి, వ్యానెక్కి వెళ్ళిపోయారు.

తిరిగి వచ్చేటప్పుడు నాగమణి అంది. "సార్, నాకేమీ అర్థం కాలేదు. మళ్ళీ ఒకసారి రావాలని రాద్దామా?"

"అర్థం కాలేదని రాస్తే మనకి జీతాలెందుకిస్తారమ్మా?" అని నవ్వి, గంగాధరం రిపోర్టులో ఇలా రాశాడు: "యంత్రం ఇస్తే వలస ఆగుతుంది."

యంత్రం వచ్చింది. అద్దాల మూతతో పెద్ద పెట్టె. చాలా మంచి యంత్రం, దాన్ని తప్పు పట్టడానికి లేదు. ఒడ్డున దొరికే కొద్దిపాటి చేపలకి ఇసక అంటేది కాదు, పొద్దున పెడితే సాయంత్రానికల్లా గలగలమని ఎండేవి. నీలమ్మ మురిసిపోయింది.

మరి దానయ్య? ఆ పేటలో చేపలు ఎండబెట్టడం ఆడవాళ్ళ పని. దానయ్యది నడిసముద్రంలో పెద్ద వల లాగే పని; అంత పెద్ద పడవలు పేటలో లేవు. యంత్రం పక్కన కూర్చుని ఏం చేస్తాడు? కాకుల్ని తోలుదామన్నా పెట్టెలోకి కాకులు రావు. గుజరాత్‌కి ఫోను చేస్తే, అతని చోటులో వేరే మనిషిని పెట్టుకున్నామన్నారు. కొన్నాళ్ళు చూసి, చివరికి అతను చెన్నై పోయి భవనాల పనిలో చేరాడు. వలస ఆగలేదు, దిక్కు మారింది. తుఫానుకి బెదరని మనిషి ఫోనులో దగ్గుతూ, "ఈ సిమెంటు దుమ్ము నావల్ల కాదే," అనేవాడు. నీలమ్మ ఫోను పిల్ల చెవి దగ్గర పెట్టేది.

ఏడాది తిరగబోతుండగా, వలస ఎంతవరకు ఆగిందో చూసి రమ్మని ప్రభుత్వం అడిగింది. గంగాధరం హుషారుగా వెళ్ళాడు.

"దానయ్య ఏడమ్మా?" అన్నాడు.

నీలమ్మ జరిగిందంతా చెప్పింది. గంగాధరం తెల్లబోయాడు. "అదేమిటి! నువ్వే కదమ్మా ఉంటామన్నావు?"

"మీరు అక్కర్లేదన్నారు గదా బాబూ. సదువుకున్నోరు, తెలిసే సెప్తన్నారనుకున్నాను."

"మీ బతుకు సంగతి మీకు తెలిసే చెప్తున్నారని నేననుకున్నాను."

ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. అంటే ఆ రోజు ఎవరికీ తెలియదన్నమాట!

నీలమ్మే మళ్ళీ అడిగింది. "ఆయన్ని సెన్నై నుంచి రమ్మన్నాను. గుజరాత్ పడవలు కదిలే రోజులొచ్చాయి. ఈసారి మళ్ళీ పంపమంటారా, ఇక్కడే ఉంచమంటారా?"

అలవాటు ప్రకారం గంగాధరం నోరు తెరిచాడు. ఏదో అనబోయాడు. చంకలో పిల్ల ఆయన్నే చూస్తోంది. ఆయన ఆ మాట మింగేసి, చిన్న గొంతుతో అన్నాడు. "నాకు తెలియదమ్మా."

నీలమ్మకి కోపం రాలేదు. ఖాళీ బుట్ట ఒకటి బోర్లించి ముందుకు జరిపింది. "అయితే కూకోండి బాబూ. ఆయనకి ఫోను కలుపుతాను. ముగ్గురం ఆలోసిద్దాం."

చూశారా పిల్లలూ, తెలియనప్పుడు తెలియదని చెప్పడం చిన్నతనం కాదు. తెలిసినట్టు చెప్తేనే, ఆ మాట నమ్మినవాళ్ళ బతుకు దారి తప్పుతుంది.