రెక్క చివరి మాట

శశిభూషణ్ పరీక్ష తప్పాడు.

ఇరవయ్యేళ్ల కుర్రాడు తప్పితే ఎవరూ పట్టించుకోరు. శశిభూషణ్ వాయుసేనలో యుద్ధవిమానాలు నడిపినవాడు. స్క్వాడ్రన్ లీడరుగా బయటికొచ్చాడు. పద్నాలుగేళ్ల ఒప్పందం. అది ముగిసిన రోజున పూలదండ వేసి, ఫోటో తీసి, పంపించేశారు. పెన్షన్ లేదు. చేతిలో మిగిలిన విద్య ఒక్కటే. అది నేలమీద ఎందుకూ అక్కరకు రాదు.

ప్రయాణికుల విమానం నడపడానికి ఆ విద్య చాలదన్నారు. లైసెన్సు వేరు, రాతపరీక్షలు వేరు, పద్ధతులు వేరు. సరేనని, మీసాలు సరిగా రాని పిల్లల పక్కన కూచుని వాతావరణం పేపరు రాశాడు. ఉరుముల మబ్బులోకి దూరి ప్రాణాలతో బయటపడ్డ మనిషి, ఉరుముల మబ్బు ఎలా పుడుతుందో నాలుగు జవాబుల్లో ఒకటి ఎంచి గీత పెట్టి వచ్చాడు. అవన్నీ ఎలాగో గట్టెక్కాయి. తీరా ఆఖరున, సిమ్యులేటర్లో బోల్తాపడ్డాడు. సిమ్యులేటర్ అంటే ఒక గదిలో ఉండే ఉత్తుత్తి విమానం. లోపల కూచున్నవాడికి మాత్రం నిజం ఆకాశమే.

విమానాల కంపెనీవాళ్లు ఇంకొక్క అవకాశం ఇచ్చారు. అదీ పోతే మళ్లీ ఆ గుమ్మం తొక్కక్కర్లేదు. ఏదో సిమెంటు ఫ్యాక్టరీలో సెక్యూరిటీ ఆఫీసరు ఉద్యోగం ఖాళీగా ఉందని బావమరిది అప్పటికే ఫోన్ చేశాడు. పాపం, మంచికే చేశాడు. కాని ఆ పూట శశిభూషణ్‌కి అన్నం సయించలేదు.

పరీక్ష వారంలో ఉందనగా బస్సెక్కి తన పాత గురువు కరీముల్లా సారు దగ్గరికి పోయాడు.

కడప దాటాక, జొన్న తప్ప మరోటి పండని మెట్టలో, ఎప్పుడో యుద్ధకాలంలో పోసిన రన్‌వే ఒకటుంది. దాని పక్కన రేకుల షెడ్డు. షెడ్డులో రెండు చిన్న సెస్నా విమానాలు. ఒకటి ఎగురుతుంది. రెండోది ఇంజను ఊడి, టైర్లు దిగి, ఎవరికీ పట్టకుండా ఓ మూల పడుంటుంది. ఫ్లయింగ్ స్కూలు అంటే అంతే.

శశిభూషణ్ ఆదోని కాలేజీలో ఎన్.సి.సి. కుర్రాడిగా ఉన్నప్పుడు అతన్ని మొదటిసారి గాల్లోకి తీసుకుపోయింది కరీముల్లా సారే. ఆయన దగ్గర నేర్చుకున్నవాళ్లలో కొందరు సైన్యానికి పోయారు, కొందరు పెద్ద పెద్ద కంపెనీల్లో కెప్టెన్లై నాలుగు చారల చొక్కాలు తొడుక్కున్నారు. సారు మాత్రం అదే చిన్న విమానంలో, నేర్పేవాడు కూచునే అదే కుడివైపు సీట్లో ముసలివాడైపోయాడు. ఎందుకిలా ఉండిపోయారని అడిగితే, "ఎవరో ఒకరు ఈ పక్కన కూచోవాల గదా" అంటాడు. అంతకుమించి చెప్పడు.

శశిభూషణ్ వెళ్లేసరికి సారు షెడ్డు ముందర నులకమంచం మీద కూచుని బూట్ల లేసులు విప్పుకుంటున్నాడు. పొద్దుటినుంచి ఎండలో పిల్లలకు చెప్పి చెప్పి గొంతు బొంగురుపోయి ఉంది. శిష్యుణ్ణి చూసి నవ్వాడుగాని లేవలేదు. లేవాలంటే మోకాళ్లు ఒప్పుకోవాలి.

"ఏం శశీ, చిక్కిపోయినావే."

"పరీక్ష పోయింది సార్."

"ఏం తప్పు చేస్తివి?"

"ఏడువేల అడుగుల దగ్గర ఆగమన్నారు. దాటిపోయాను." శశిభూషణ్ మంచం కోడు మీద చెయ్యి ఆనించి నిలబడ్డాడు. "ఒక ఇంజను ఆపేసి పరీక్ష పెట్టారు సార్. దాని సంగతి చూస్తున్నాను. చక్కబెట్టాను కూడా. ఆలోపల ఎత్తు దాటింది."

"పక్కన ఎవరూ లేరా?"

"ఉన్నారు. ఎవరో కొత్త అమ్మాయి. కో-పైలట్‌గా కూచోబెట్టారు."

"ఆ పిల్ల చెప్పల్యా?"

"రెండుసార్లు చెప్పిందని పరీక్ష పెట్టినాయన అన్నాడు. నాకు వినపడలేదు సార్. అంత మెల్లిగా చెబితే ఎవరికి వినపడుతుంది? మా విమానంలో పద్నాలుగేళ్లు నేనొక్కణ్ణే. ఒక్క సీటు. అక్కడ నాకు ఎవరూ చెప్పలేదు, ఒక్కరోజు తప్పు రాలేదు."

సారు రెండో బూటు లేసు కూడా విప్పాడు.

"ఆ పిల్ల పేరేంది?"

శశిభూషణ్ గుర్తు తెచ్చుకోబోయాడు. ఆ పూటంతా ఆమె పక్కనే కూచున్నాడు. ఆమె తాగడానికి నీళ్లిస్తే తాగాడు.

"తెలీదు సార్."

సారు విప్పుకున్న లేసులు మళ్లీ కట్టుకున్నాడు.

"పా. ఒక చుట్టు పోయొద్దాం."

ఎగిరారు. గాలి గతుకులు గతుకులుగా ఉంది. ఆ గతుకుల్లోనే శశిభూషణ్ ఆ బుల్లి విమానాన్ని గీత గీసినట్టు నడిపాడు. సారు కుడి సీట్లో, చేతులు ఒళ్లో పెట్టుకుని కిందనున్న చేలు చూస్తూ కూచున్నాడు. దిగేటప్పుడు చక్రాలు నేలను తాకిన సంగతి దుమ్ము లేచాకగాని తెలియలేదు.

"నా చేతుల్లో లోపం ఎక్కడుందో చెప్పండి సార్. ఈ వారంలో దిద్దుకుంటాను."

"చేతుల్లో ఏం లేదు నాయనా. బంగారం చేతులు."

శశిభూషణ్‌కి ఏడుపొచ్చినంత పనయింది. లోపం ఉంటే సరిచేసుకోవచ్చు. ఏమీ లేదంటే ఇంక సరిచేసుకునేదేముంది? ఇంతదూరం బస్సుల్లో పడి వచ్చింది ఈ మాట కోసమా అనిపించింది. ఇంజను ఆపేశాక కూడా సీట్లోనే కూచుండిపోయాడు.

"దిగు దిగు. గాలి వస్తాంది," అన్నాడు సారు.

పడమట ఆకాశం ఎర్రగా దుమ్ము పట్టింది. గాలివాన వచ్చేలోపల విమానాన్ని షెడ్డులో పెట్టాలి. మెకానిక్కు మేనకోడలి పెళ్లికని పోయాడు. ఉన్నది ఇద్దరే.

చిన్న విమానాన్ని షెడ్డులోకి చేత్తోనే లాగుతారు. ముక్కు చక్రానికి ఒక ఇనపకడ్డీ తగిలించి, ఒక మనిషి ముందు నడుస్తూ ఎద్దును తోలుకుపోయినట్టు లాక్కుపోతాడు. రెక్కలు అతని వీపు వెనక ఉంటాయి. అందుకని రెక్క చివర ఇంకో మనిషి నడుస్తాడు. వాయుసేనలో శశిభూషణ్‌కి ఈ పని ఎప్పుడూ పడలేదు. దిగడం, హెల్మెట్ చంకన పెట్టుకోవడం, నడిచి పోవడం. లోపల పెట్టేవాళ్లు వేరే ఉండేవారు.

"నేను లాగుతాను సార్. మీరెందుకు, కూచోండి."

"లాగు. నేను రెక్క కాడ ఉంటా."

ఎడమవైపు ఆ పాడుబడ్డ సెస్నా దారికి అడ్డంగా తోక పెట్టుకుని ఉంది. కుడివైపు తలుపు ఇనపస్తంభం. మధ్యన సందు విమానానికి సరిపోతుంది, అంతే. శశిభూషణ్ కడ్డీ పట్టుకుని లాగాడు. గాలికి రేకులు దడదడమన్నాయి. మెడ తిప్పి తిప్పి ఎడమవైపు తోకను చూసుకుంటూ, దానికి తగలకుండా ఒడుపుగా కడ్డీని కుడికి తిప్పాడు.

"శశీ, ఆగు."

మామూలు గొంతే. కుదిరిపోతోంది, ఇంకో రెండడుగులే అనుకున్నాడు శశిభూషణ్. ఎడమవైపు తోక దాటిపోయింది. అమ్మయ్య అనుకున్నాడు.

"ఆగు నాయనా."

ఏదో మెత్తగా అడ్డం పడి విమానం ఆగింది. చక్రం కింద రాయి పడిందనుకుని శశిభూషణ్ కడ్డీని ఇంకోసారి గట్టిగా గుంజాడు. అది కదల్లేదు. అప్పుడు వెనక్కి చూశాడు.

కుడి రెక్క కొసకీ ఇనపస్తంభానికీ మధ్యన సారు ఎడమచెయ్యి ఉంది.

పరిగెత్తి రెక్కను వెనక్కి తోశాడు. సారు చెయ్యి తీసుకుని పొట్టకు అదుముకున్నాడు. రెండు వేళ్లు నలిగి, గోరు లేచి, నెత్తురు చొక్కా మీద పడుతోంది. ముసలాయన మొహం పాలిపోయింది. ముందు ఆయన చూసింది మాత్రం రెక్క చివరనున్న లైటు. అది పగల్లేదు.

"సార్! గట్టిగా అరవొచ్చు కదా సార్!" శశిభూషణ్ తనే అరిచేశాడు.

"ఆ పిల్ల అరిచిందా?" అన్నాడు సారు.

విమానాన్ని లోపల పెట్టి, తలుపు మూసి, సారు మోటారుసైకిలు మీద ఆయన్నే వెనక కూచోబెట్టుకుని పక్క ఊళ్లో డాక్టరు దగ్గరికి తీసుకుపోయాడు శశిభూషణ్. కట్టు కట్టి, సూది వేసి, పది రోజులు విమానం ఊసెత్తొద్దన్నాడు డాక్టరు. "ఎట్లయింది సార్ ఇది?" అనడిగితే, "తలుపు సందులో పడింది లేప్పా," అన్నాడు సారు.

వాన వెలిశాక తిరిగొస్తున్నారు. దారంతా బురద. సారు గడ్డం అప్పుడప్పుడు శశిభూషణ్ భుజానికి తగులుతోంది. కునుకు తీస్తున్నాడేమో. తిట్టినా బాగుండేది. పద్నాలుగేళ్లలో ఎందరో పై ఆఫీసర్లు తిట్టారు, ఏ తిట్టూ ఇంత బాధపెట్టలేదు.

"వినపడింది సార్," అన్నాడు శశిభూషణ్ ఉన్నట్టుండి, ముందుకే చూస్తూ. "మీరన్నది వినపడింది. రెండుసార్లూ."

కొంతదూరం పోయాక మళ్లీ తనే అన్నాడు.

"ఆ రోజు కూడా వినపడింది సార్."

సారు కట్టు కట్టిన చెయ్యి తీసి శశిభూషణ్ భుజం మీద పెట్టాడు. గుంతలు చూసి నడపమని మాత్రం అన్నాడు.

షెడ్డు దగ్గరికి చేరాక శశిభూషణ్ కంపెనీలో తెలిసినవాడికి ఫోన్ చేసి, ఆవేళ సిమ్యులేటర్లో తన పక్కన కూచున్న అమ్మాయి పేరు అడిగాడు. ఎందుకన్నాడు అవతలివాడు, ఆవిడ మీద కంప్లయింటు ఇస్తావేమిటన్నాడు. కాదన్నాడు. యామిని అట. రెండో పరీక్షకు కూడా ఆ అమ్మాయినే వేశారట. కావాలంటే మార్పించుకోవచ్చన్నాడు. అక్కర్లేదన్నాడు శశిభూషణ్.

మర్నాడు ఇంకో ఇన్‌స్ట్రక్టరు వచ్చి పిల్లలకు ఎగరడం నేర్పి పోయాడు. సాయంత్రం విమానాన్ని మళ్లీ లోపల పెట్టాలి. శశిభూషణ్ కడ్డీ అందుకోబోయాడు. సారు అంతకుముందే కుడిచేత్తో దాన్ని పట్టుకున్నాడు.

"ఒంటి చేత్తో ఎలా లాగుతారు సార్? నాకివ్వండి."

"చదును నేలే గదా, వస్తాదిలే. నువ్వు రెక్క కాడికి పో."

శశిభూషణ్ రెక్క చివరికి పోయి నిలబడ్డాడు. సారు మెల్లగా లాగసాగాడు. నాలుగడుగులు వేసి ఊపిరి పీల్చుకోవడం, మళ్లీ నాలుగడుగులు. వంగిన వీపు, వీపు మీద చెమటతో అంటుకున్న చొక్కా. ఒక్కసారి కూడా వెనక్కి చూడలేదు.

రెక్క స్తంభం వైపు పోతోంది. పోతోందా? తగిలేటట్టు ఉంది, తగలనట్టూ ఉంది. శశిభూషణ్ నోరు తెరిచాడు, మూశాడు. ముప్పయ్యేళ్లుగా ఈ షెడ్డులోకి ఈ విమానాన్ని లాగుతున్న మనిషాయన. ఆయనకు తను చెప్పడమేమిటి? ఊరికే ఆపితే, ఆ నొప్పి చేత్తో మళ్లీ మొదటినుంచి లాగాలి. పొరపాటైతే నవ్వుతాడు. ఏ పరీక్షలోనూ, ఏ యుద్ధ విన్యాసంలోనూ అంత పిరికితనం అతనికి రాలేదు. ఆ అమ్మాయికి ఆవేళ ఎలా ఉండి ఉంటుందో అప్పుడు తెలిసింది. తను స్క్వాడ్రన్ లీడరు, ఆమె నిన్నమొన్న లైసెన్సు తెచ్చుకున్న పిల్ల. అయినా చెప్పింది. రెండోసారి కూడా చెప్పింది.

"ఆగండి," అన్నాడు.

అన్నాడో లేదో తనకే తెలియనంత చిన్నగా వచ్చింది ఆ మాట.

సారు ఎత్తిన కాలు అక్కడే ఆపేశాడు. కడ్డీ ఆగింది, విమానం ఆగింది.

శశిభూషణ్ వంగి చూశాడు. రెక్కకీ స్తంభానికీ మధ్యన మూరెడు సందుంది. మనిషి దూరి పోవచ్చు. సిగ్గుతో చెవులు వేడెక్కాయి.

"చోటుంది సార్. ఊరికే ఆపాను. నాదే పొరపాటు."

సారు తిరిగి చూడలేదు. కడ్డీ పట్టుకుని, రొప్పుతూ, అలాగే నిలబడ్డాడు.

"ఉంటే ఉండనీ నాయనా. నాకు ఈడ్నించి కనపడదు గదా."

ఊపిరి పీల్చుకుని, "చెప్పు, రావచ్చునా?" అన్నాడు.