వీధివైపు తిప్పిన జోడు

రుక్నుద్దీన్‌కు ఊరూరా గుర్తింపు వచ్చింది, ఒక్క గురువు దగ్గర తప్ప.

పట్నంలో అతను బజారుకు వెళితే అత్తరు అమ్మేవాళ్లు లేచి సలాం చేసేవారు. పండితుల సభలో అతని మాటకు ఎదురుండేది కాదు. నవాబు పిలిచి భుజాన శాలువా కప్పి, ఓ బిరుదు కూడా తగిలించాడు. ఇంత జరిగినా గురువు నూరుల్లా బాబా నుంచి ఒక్క కబురు రాలేదు. 'వీడు నా శిష్యుడు' అని బాబా నలుగురిలో ఒక్కసారి అంటే చాలు, శాలువాలూ బిరుదులూ గంగలో కలిసినా ఫర్వాలేదనుకునేవాడు. అనుకోవడం వరకే లెండి. ఆ శాలువా కప్పుకోకుండా గడప దాటేవాడు కాదు.

చివరికి ఉండబట్టలేక, జనం నిండుగా ఉండే శుక్రవారం చూసుకుని గురువు ఉండే ఖాన్‌కాకు బయలుదేరాడు. ఖాన్‌కా అంటే సూఫీల మఠం. వచ్చినవాళ్లకు ఇంత అన్నం, కూర్చోవడానికి ఇంత చాప, అంతే అక్కడి వైభవం.

గడప దగ్గర రుక్నుద్దీన్ తన జరీ జోడు విడిచి, వెనక్కి చూడకుండా లోపలికి నడిచాడు. అతిథులు విడిచిన జోళ్లను సర్దడం అక్కడి శిష్యుల పని. ముక్కులు వీధివైపు ఉండేలా తిప్పి పెడతారు. వెళ్లేటప్పుడు పెద్దలు కాలు దూర్చి నడిచిపోవడమే. ఇంటివాళ్ల జోళ్లను మాత్రం ఎవరూ తిప్పరు, వాళ్లు ఎక్కడికి పోతారు గనక? రుక్నుద్దీన్ కూడా ఇక్కడ చదువుకున్న రోజుల్లో ఏళ్ల తరబడి ఆ పని చేసినవాడే.

బాబా అతన్ని చూడగానే లేచి నిలబడ్డాడు.

"మౌలానా సాబ్ వచ్చిన్రు. జర జరిగి జాగ ఇయ్యుండ్రి," అన్నాడు.

జనం లేచి దారి ఇచ్చారు. బాబా తన పక్కనే దిండు వేసి కూర్చోబెట్టాడు. పట్నం నుంచి వచ్చిన మహా పండితుడని అందరికీ చెప్పి, నాలుగు మంచి మాటలు వినిపించమని ఎంతో మర్యాదగా అడిగాడు. రుక్నుద్దీన్ ఛాతీ ఉబ్బిపోయింది. అతను మాట్లాడుతుంటే జనం వహ్వా అన్నారు, ముసలివాళ్లు కళ్లు తుడుచుకున్నారు. బాబా కూడా తల ఊపుతూ విన్నాడు. 'నా శిష్యుడు' అన్న మాట మాత్రం రాలేదు. వస్తుందిలే అనుకున్నాడు.

భోజనాల వేళ అతిథులకు ముందు వడ్డించారు. రుక్నుద్దీన్ ముందు విడిగా పింగాణీ పళ్లెం పెట్టారు. అతిథులు లేచాక ఇంటివాళ్లంతా బాబాతో కలిసి ఒకే పెద్ద తాంబాళంలో తింటారు. చదువుకునే రోజుల్లో బాబా తన వైపు పడ్డ మాంసం ముక్కల్ని ఎటో చూస్తూ రుక్నుద్దీన్ వైపు తోసేవాడు. ఇప్పుడు పళ్లెం నిండా ముక్కలే. ముద్ద దిగలేదు.

"ఏమన్న తక్కువైందా మౌలానా సాబ్?" అని అడిగాడు బాబా.

ఏమీ తక్కువ కాలేదన్నాడు. లోపల మాత్రం బెంగ పట్టుకుంది. బాబాకు చూపు ఆనక తనను పోల్చుకోలేదేమో. లేక కోపమా? కోపమైతే తిట్టేవాడు, బాబా తిట్లు తనకేం కొత్త కాదు. తిట్టినా బాగుండేది.

చేయి కడుక్కుని వెళ్లడానికి లేచాడు. గడప దగ్గరికి వచ్చేసరికి బాబా ముందే అక్కడ ఉన్నాడు. మోకాళ్ల నొప్పికి ఒక చేత్తో గోడ పట్టుకుని వంగి, రెండో చేత్తో ఆ జరీ జోడును వీధివైపు తిప్పి పెడుతున్నాడు.

"దూరం పోవాలె గదా మీరు," అన్నాడు బాబా. "పొద్దుండంగనే బయలెల్లుండ్రి."

రుక్నుద్దీన్ వీధివైపు తిరిగిన తన జోడును చూశాడు. తర్వాత శాలువా తీసి గుంజకు తగిలించాడు. కింద కూర్చుని, జోడును ఇంటివాళ్ల జోళ్లుండే మూలకు జరిపి, ముక్కులు లోపలివైపు తిప్పి పెట్టాడు. ఆపైన మిగతా అతిథుల జోళ్లను ఒక్కొక్కటిగా వీధివైపు సర్దసాగాడు.

వెళ్లబోతున్న పెద్దమనిషి ఒకాయన అది చూసి కంగారు పడ్డాడు.

"ఇదేంది బాబా? ఇంత పెద్ద మౌలానా సాబ్ మా జోళ్లు ముట్టుడేంది? అసలు ఎవరీయన?"

బాబా నడుం నిటారుగా చేసుకున్నాడు. ముసలి ముఖం విప్పారింది. లోపలున్న వాళ్లందరికీ వినబడేలా, ఎంతో గర్వంగా చెప్పాడు.

"మా పిలగాడు."

రుక్నుద్దీన్ తల ఎత్తలేదు. చేతిలో ఎవరిదో పాత తోలు చెప్పు ఉంది. అది మసకమసకగా కనిపిస్తోంది.

"జల్ది కానియ్ రుక్నూ," అన్నాడు బాబా లోపలికి నడుస్తూ. "తాంబాళం కాడ అందరం నీ కోసమే ఆగినం. అన్నం సల్లారుతున్నది."