కొసరు పుచ్చుకునే కొట్టు

ఒరేయ్ తేజూ, ఆ ఫ్యాను కాస్త తగ్గించు. వెన్నెలా, నా మోకాలి మీద పడుకోకమ్మా, అది అసలే నెప్పి. ఆఁ, అలా జరుగు. పొద్దున్న సూపర్ మార్కెట్లో మీ అమ్మా నాన్నా ఆ తోపుడు బండి దగ్గర పోట్లాడుకున్నారని తెగ నవ్వుకున్నారు కదూ? ఇక్కడ పప్పు చవకని మీ నాన్న, ఆ పక్క కొట్లో పప్పు మంచిదని మీ అమ్మ. వారం సరుకుల దగ్గర మొదలైన గొడవ పుట్టింటి దాకా వెళ్ళింది. నవ్వకండి. ఆ గొడవ ఇవాళ్టిది కాదు. దాని మీదే ఒక కథుంది. భయం కథే. మధ్యలో లేచి పరిగెత్తనంటేనే చెబుతాను. ఊ ఆగిందంటే కథా ఆగిపోతుంది, ముందే చెబుతున్నా.

అనగనగా, ఏటికి అవతల ఒక ఊళ్ళో, అచ్చియ్యమ్మ అని ఒక అత్తగారు. ఆవిడ కోడలు మంగతాయారు. ఆవిడ కొడుకు భీమేశం. ఉన్నాడంటే ఉన్నాడు. తల్లి ఏం చెప్పినా ఊ, పెళ్ళాం ఏం చెప్పినా ఊ. మీకన్నా బాగా కొట్టేవాడు ఊ. వాళ్ళకో పిల్ల, బుల్లెమ్మ. దానికి నడవడం చేతకాదు, ఎక్కడికెళ్ళినా పరుగే. వంటింట్లోంచి వీధిలోకి పరుగు, వీధిలోంచి వంటింట్లోకి పరుగు. మధ్యలో ఎవరి కాళ్ళకో తగిలి పడడం, లేచి మళ్ళీ పరుగు.

అచ్చియ్యమ్మకి ఆ పిల్లంటే పంచప్రాణాలు. దాని కాళ్ళకి వెండి పట్టీలు చేయించాలని ఆవిడ కోరిక. తన చిన్నతనంలో తనకి లేవు. గంజినీళ్ళతో సంసారం ఈదుకొచ్చిన మనిషి. అందుకని కాణీ కాణీ కూడబెట్టేది. తోటకూర కట్ట దగ్గర కూడా ధర తగ్గించందే కదిలేది కాదు. ఊళ్ళో పిసినారి అనేవాళ్ళు. పిసినారి కాదమ్మా, పట్టీల కోసం.

ఆ ఊళ్ళో వారానికోసారి సంత. వారానికి కావలసినవన్నీ ఆ సంతలోనే కొనుక్కోవాలి. అందరూ పైడమ్మ కొట్లోనే కొనేవాళ్ళు. పైడమ్మ నోరు మంచిది కాదు. ఎండలో నిలబెట్టేది, తొందరపడితే తిట్టేది. బియ్యం చేటలో పోసి చెరిగి, పప్పులో రాళ్ళేరి, పుచ్చుగింజలు కోళ్ళకి పారేసి, అప్పుడు కొలిచేది. ధర మాత్రం దమ్మిడీ తగ్గించేది కాదు. నచ్చితే పట్టుకెళ్ళు, నచ్చకపోతే నడు అనేది. కానీ కొలవడం అయ్యాక కొసరేసేది. కొసరంటే తెలుసా? కొలత నిండాక, పైన ఇంకాస్త ఊరికే వేస్తారే, అది. మీ సూపర్ మార్కెట్లో ఒకటి కొంటే ఒకటి ఫ్రీ అంటారు చూడు, అది కాదు. అది ముందే లెక్కేసుకున్న ఉచితం. కొసరు మనిషి చేతిలోంచి రావాలి. పైడమ్మ దగ్గర బియ్యం కొంటే గుప్పెడు బియ్యం, పప్పు కొంటే చారెడు పప్పు, నూనె కొంటే గరిటెడు నూనె, ఉప్పు కొంటే చిటికెడు ఉప్పు. ఊ కొడుతున్నారా?

అలా ఉండగా ఒక వారం, సంత చివర, వల్లకాటికి పోయే దారి మొదట్లో కొత్త కొట్టు వెలిసింది. తెల్లగుడ్డ పందిరి. పందిరి కింద బస్తాలు. బస్తాల మీద ఎత్తుగా ఒకాయన. మల్లెపువ్వులాంటి పంచె, పాదాలు కూడా కనబడకుండా కప్పేసి. నోటినిండా నవ్వు. ఏమ్మా అలిసిపోయారు, నీడలోకి రండమ్మా, మీకు కావలసింది మీ చేత్తోనే కొలుచుకోండమ్మా అని ఒకటే మర్యాద. ధరలా? పైడమ్మ ధరలో సగం. ఆయన మాత్రం బస్తాల మీంచి దిగడు. ఎందుకు దిగవయ్యా అని ఎవరూ అడగలేదు. సగం ధరకి ఇచ్చేవాణ్ణి ఎవరడుగుతారు?

ఒకటే షరతు. ఆయన కొట్లో కొసరు ఇవ్వడట, పుచ్చుకుంటాడట. డబ్బు కాదమ్మా, మీ ఇంట్లోంచి ఏదో కాస్త, పోయినట్టు కూడా మీకు తెలీదు అన్నాడు. అచ్చియ్యమ్మ ఫక్కున నవ్వింది. మా కొంపలో ఏముంది నాయనా, కావలసింది పట్టుకుపో అంది. చూశారా మరి! తోటకూర దగ్గర అంత గీచి గీచి బేరమాడే మనిషి, కొసరేమిటి, ఎంత అని ఒక్క మాట అడగలేదు. ధర చూసుకుంది, అంతే.

ఆ వారం ఉప్పు కొంది. బుల్లెమ్మ నవ్వులో చిటికెడు నవ్వు పోయింది. పై వారం నూనె కొంది. పిల్ల ఒంట్లో గరిటెడు నిగారింపు పోయింది. ఆ పై వారం పప్పు కొంది. చారెడు కండ పోయింది. ఆ తరవాత బియ్యం కొంది. గుప్పెడు నడక పోయింది.

మంగతాయారు వంటింట్లో చూస్తూనే ఉంది. బియ్యం కడిగితే కుడితి రంగు నీళ్ళు. పప్పు ఎంతసేపు ఉడికినా ఏ బద్దకా బద్దే. నూనె కాగితే గొంతు పట్టేసే కమురు. అత్తగారితో చెప్పింది. ధర చూడవే ధర, నీ పుట్టింటివాళ్ళేమన్నా పంపిస్తున్నారా సరుకులు అని ఆవిడ దులిపేసింది. మొగుడితో చెప్పింది. ఊ అన్నాడు. ఇంక మంగతాయారూ ఊరుకుంది. మిగిలిన డబ్బులు డబ్బాలో గలగలమంటుంటే తనకీ ముచ్చటేసింది మరి, అబద్ధమెందుకు!

పట్టీలు వచ్చాయి. అచ్చియ్యమ్మే కూర్చోబెట్టి తొడిగింది. ఇప్పుడు లేచి పరిగెడుతుంది చూడండి అని వీధివాళ్ళందర్నీ పిలిచింది. బుల్లెమ్మ లేచింది. అడుగు వేసింది. కూలబడిపోయింది. పట్టీలు ఆ పుల్లల్లాంటి కాళ్ళలోంచి జారి నేల మీద పడ్డాయి. మళ్ళీ తొడిగారు, మళ్ళీ జారాయి. ఇంక ఆ పిల్ల లేవలేదు.

తేజూ, ఊ ఏదిరా? దుప్పటి కప్పుకో. ఆపమంటే మాత్రం ఆపను.

ఒక్క బుల్లెమ్మే కాదు. ఆ కొట్లో కొన్న ప్రతి ఇంట్లోనూ అదే. పరిగెత్తే పిల్లలు కూర్చున్నారు, కూర్చున్న పిల్లలు పడుకున్నారు, పడుకున్న పిల్లలు కళ్ళు విప్పడం మానేశారు. గాలి సోకిందన్నారు. దిష్టి తగిలిందన్నారు. ఆ కొట్లో కొన్న ఉప్పుతోనే, ఆ కొట్లో కొన్న మిరపకాయలతోనే దిష్టి తీశారు. కుమ్మరి వీరన్నకి లేక లేక ఒక్కడే కొడుకు. వాడు పోయాడు. రెండు చేతులతో పిల్లాణ్ణి మోసుకుంటూ వీరన్న ఆ కొట్టు ముందు నుంచే వల్లకాటికి వెళ్ళాడు. కొట్టాయన బస్తాల మీంచే చేతులు జోడించి, అయ్యో పాపం అన్నాడు. ఆయన కింద ఇంకో బస్తా పెరిగింది. అది ఎవరూ చూడలేదు.

మళ్ళీ సంత వచ్చింది. ఆ కొత్త కొట్లో కొన్న ఇళ్ళలోనే పిల్లలు కూలబడుతున్నారని తెలిసొచ్చి, మంగతాయారు పిల్లని చంకనెత్తుకుని ఈసారి పైడమ్మ కొట్టుకెళ్ళింది. వెనకాల అత్తగారూ, సంచీ పట్టుకుని భీమేశం. పైడమ్మ కొట్టు ముందు పిట్ట లేదు. అయినా కూర్చుని పప్పు చెరుగుతూనే ఉంది. ఆ కొట్టు మీద నీకేమన్నా అనుమానం ఉంటే మాకో మాట చెప్పకపోయావా అని మంగతాయారు అడిగింది.

"చెప్పానే! చెబితే బేరాలు పోయాయని ఏడుస్తోంది ముసల్ది అన్నారు. మీ అత్తే అంది, ఇక్కడే నిలబడి," అంది పైడమ్మ.

అచ్చియ్యమ్మ తలెత్తలేదు. మంగతాయారు సోలెడు బియ్యం కొలిపించుకుంది. అచ్చియ్యమ్మకి పుట్టుకతో వచ్చిన బుద్ధి ఎక్కడికి పోతుంది? అంత దుఃఖంలోనూ, కొసరుకి బియ్యం బదులు కాస్త పప్పెయ్యవే అంది. పైడమ్మ కస్సుమంది.

"బియ్యానికి బియ్యమే కొసరు! అసలు ఏ బస్తాలోంచి కొలుస్తామో కొసరూ ఆ బస్తాలోంచే. ముందు అసలు, తరవాత కొసరు. సంత పుట్టినప్పటి కట్టుబాటు ఇది, నీకోసం మారుస్తానా?"

మంగతాయారు ఆ మాట విని, సంచీ మూతి కట్టబోతున్నదల్లా ఆగిపోయింది. బియ్యం అక్కడే వదిలేసి తిన్నగా సంత చివరికి నడిచింది. తెల్లపందిరి ముందు నిలబడి, అందరికీ వినబడేలా అడిగింది. ఏమయ్యా, సంత కట్టుబాటు నీ కొట్టుకి ఉందా లేదా? ఆయన నవ్వాడు. లేకేమమ్మా, కట్టుబడనివాడు సంతలో పందిరి వేసుకోలేడుగా అన్నాడు. మరి మా ఇంట్లోంచి ఏం కొసరు పుచ్చుకున్నావో చెప్పు అంది. ఆయన పెదాలు తడుపుకుంటూ చెప్పాడు. చిటికెడు నవ్వు, గరిటెడు నిగారింపు, చారెడు కండ, గుప్పెడు నడక. సంతలో ఆడవాళ్ళంతా చంకల్లో పిల్లల్ని గట్టిగా పట్టుకున్నారు.

"అయితే వాటి అసలేదీ?" అంది మంగతాయారు. "ఉప్పు అమ్మావు, ఉప్పులోంచి తీసుకోవలసింది. బియ్యం అమ్మావు, బియ్యంలోంచి తీసుకోవలసింది. నవ్వు కొసరు తీశావంటే ముందు నవ్వు అమ్మి ఉండాలి. నడక కొసరు తీశావంటే ముందు నడక కొలిచి ఉండాలి. కొసరు ముందే మింగావు. ఇప్పుడు అసలు కొలువు."

ఆయన నవ్వు ఆగిపోయింది. కింద బస్తా మీద చెయ్యేసి, సరే కొలుస్తాను, కానీ అసలుకి ధర ఉంటుంది, ఈ సరుకు నేను సగం ధరకి ఇవ్వను అన్నాడు. నడకకి నడకే ధర. కండకి కండే ధర. మీ ఇంట్లో పెద్దవాళ్ళెవరో ఒకరు ఇవ్వాలి. పూర్తిగా ఇవ్వాలి.

మంగతాయారు ముందుకి అడుగేసింది. అచ్చియ్యమ్మ కొంగు పట్టుకుని వెనక్కి లాగింది. పిల్లని ఎత్తుకు తిరగడానికి నువ్వుండాలే అని, తను వెళ్ళి ఆ బస్తాల ముందు మఠం వేసుకుని కూర్చుంది. నా నడకా కండా తీసుకో అంది. ఆయన కావాలనే మళ్ళీ నవ్వు మొహం పెట్టి, కాస్త తగ్గించమంటారా అమ్మా అని అడిగాడు. అందరూ ఆవిడ వంకే చూస్తున్నారు. ఊళ్ళో ఆవిడ బేరం ఎరగనివాళ్ళు లేరు కదా.

"కొలువు నాయనా. నిండుగా కొలువు. నేను బేరమాడను," అంది అచ్చియ్యమ్మ.

కొలిచాడు. నిగారింపు మంగతాయారు ఇచ్చింది. ఇంక నవ్వు మిగిలింది. ఎవరిస్తారని చూస్తుంటే భీమేశం సంచీ కింద పెట్టి, నాది తీసుకో అన్నాడు. అతని నోట ఊ కాకుండా ఒక మాట రావడం ఊరంతా అప్పుడే వినడం. బుల్లెమ్మ తల్లి చంకలోంచి జారి దిగింది. దిగి పరిగెత్తింది. అచ్చియ్యమ్మ కూర్చున్నచోటే ఉండిపోయింది, మళ్ళీ తన కాళ్ళ మీద లేవలేదు.

అది చూసి ఒక్కొక్కళ్ళే వచ్చారు. ఒక తాత చూపిచ్చాడు, ఒక అత్త నిద్రిచ్చింది, ఒక తండ్రి ఒంట్లో బలమిచ్చాడు. దొంగతనంగా తెచ్చినదైతే బస్తాలో నిలుస్తుంది గానీ, ఇష్టపడి ఇచ్చింది దెయ్యం దగ్గర నిలవదుట. ఆయన పోసుకున్నదల్లా పోసుకున్నట్టే జారిపోయింది. చివర్లో వీరన్న వచ్చాడు. నా దగ్గరున్నదంతా తీసుకో, మావాడిది కొలువు అన్నాడు. కొలవడానికి బస్తాలో ఉంది. పట్టుకోవడానికి పిల్లాడు లేడు. వీరన్న వెనక్కి వెళ్ళిపోయాడు. ఆ ఒక్కటీ ఎవరివల్లా కాలేదు. మీరు ఏడుస్తున్నారని నేను మార్చి చెప్పను.

మిగతా బస్తాలు ఒక్కొక్కటే ఖాళీ అయ్యాయి. ఆయన దిగి దిగి నేల మీదికొచ్చాడు. పంచె తొలిగింది. మడమలు ముందుకి, వేళ్ళు వెనక్కి! అందరూ కెవ్వుమన్నారు. పైడమ్మ మాత్రం చేట పట్టుకుని చక్కా వచ్చి, తాలుగింజని చెరిగినట్టు చెరిగేసింది. గాలికి పోయాడు. వాడి పందిరి గుడ్డ ఒక్కటే మిగిలింది.

ఆ తరవాత అందరూ సుఖంగానే ఉన్నారు. అచ్చియ్యమ్మ అరుగు మీద కూర్చునేది. నాయనమ్మా మంచినీళ్ళు, నాయనమ్మా ఆకూవక్కా అంటూ పట్టీలు ఘల్లుఘల్లుమనిపిస్తూ బుల్లెమ్మ రోజల్లా పరుగే. భీమేశం నవ్వేవాడు కాదు గానీ, అది నవ్వుతుంటే పని మానేసి చూసేవాడు. కొన్నాళ్ళకి సంతలో ఇంకో కొట్టు వచ్చింది. అత్తరు వాసన, రంగు కాగితాల పొట్లాలు, రెట్టింపు ధర. ఇంత ధరంటే సరుకు మంచిదే అయ్యుంటుందని జనం ఎగబడ్డారు. అచ్చియ్యమ్మ బండి కట్టించుకుని వెళ్ళి, బస్తాలో భుజం దాకా చెయ్యి పెట్టి అడుగు నుంచి గుప్పెడు తీసి చూపించింది. అన్నీ పురుగులే. అంచేత చవకైనా, ప్రియమైనా, అడుగుదాకా చెయ్యి పెట్టి చూడాలి. మరీ తగ్గించి ఇస్తున్నాడంటే, తగ్గిన ఆ కాస్తా ఎవరు కడుతున్నారో అడగాలి. గాల్లోంచి రాదు కదా! పొద్దున్న మీ నాన్నకి చెప్పండి. నేను చెప్పానని చెప్పకండి.

ఏమిట్రా తేజూ, వీరన్న ఏమయ్యాడా? నువ్వదే అడుగుతావని నాకు తెలుసు. వీరన్న మళ్ళీ సారె తిప్పాడు. కుండలతోబాటు చిన్న చిన్న మట్టి గుర్రాలు చేసి సంతకి తెచ్చేవాడు. అమ్మడానికి కాదు. దారినపోయే ప్రతి పిల్ల చేతిలోనూ ఒకటి పెట్టేవాడు, ఇది కొసరమ్మా అని. వాళ్ళు కుండ కొన్నా సరే, కొనకపోయినా సరే. అసలు లేకుండా కొసరేమిటయ్యా అని పైడమ్మ కూడా ఎప్పుడూ అడగలేదు.

సరే, కథ తన కాళ్ళ మీద తను కంచికి నడిచిపోయింది. మనకా నడక లేదు, ఇంట్లోనే ఉన్నాం. ఇంక కళ్ళు మూసుకోండి.